స్టిక్స్ ఎందుకు పారిపోతోంది? ప్లూటో–చారన్ జంట చుట్టూ చిన్న చందమామల నిలకడ

గోదారి_బెల్లందూరు | శనివారం రాత్రి 10:50

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా పాపని నెహ్రూ ప్లానెటేరియంకి తీసుకెళ్లాను. తొమ్మిదో తరగతి చదువుతోంది. తిరుగు దారిలో బస్సు సిల్క్‌బోర్డు దగ్గర ఆగిపోయింది. అక్కడ అడిగింది: "నాన్నా, ప్లూటో, చారన్ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి కదా, మరి మిగతా నాలుగు చిన్నవి ఎవరి మాట వింటున్నాయి? ఎందుకు పడిపోవు?"

నోటితో చెప్పలేకపోయాను, కోడ్ రాసి చూపిద్దామనుకున్నాను. ఇలా పెట్టాను: ప్లూటో సున్నా దగ్గర, దానికి మొదటి వేగం ఏమీ ఇవ్వలేదు. దానికి 19,600 కి.మీ. దూరంలో దాని పెద్ద చందమామ చారన్, సెకనుకు 223 మీటర్ల వేగం. అదే గీత మీద 42,650 కి.మీ. దగ్గర స్టిక్స్, ఆ నాలుగు చిన్న చందమామల్లో అన్నిటికన్నా లోపలిది. ప్లూటో బరువుకి లెక్కకట్టి దానికి సెకనుకు 143 మీటర్లు ఇచ్చాను. నడిపితే స్టిక్స్ లోపలికి వచ్చి చారన్ దారిలో పడి, విసిరికొట్టినట్టు బయటికి పోతోంది. అసలు స్టిక్స్ అక్కడే హాయిగా ఉంది కదా. పాపకి ఏం చెప్పాలి?

రాయలసీమ_రాత్రి | శనివారం రాత్రి 11:15

అన్నా, కోడ్‌లో అడుగు ఎట్ల వేస్తాండావు? వేగాన్ని కాలంతో గుణించి స్థానానికి కలుపుకుంటా పోయే పాత ఆయిలర్ పద్ధతి అయితే చుట్టుచుట్టుకూ శక్తి పెరుగుతాది, చందమామ తనంతట తానే బయటికి జారుతాది. నాకు రెండేండ్ల కింద ఇదే అయింది. శక్తి అట్ల పెరగనీయని లీప్‌ఫ్రాగ్ పద్ధతి పెట్టినాక కుదిరింది.

గోదారి_బెల్లందూరు | శనివారం రాత్రి 11:22

లేదు తమ్ముడూ, రీబౌండ్ అనే సిమ్యులేషన్ ప్యాకేజీ వాడుతున్నాను, అందులో ఐఏఎస్15 అనే పద్ధతి. అడుగు తనే సర్దుకుంటుంది. మొత్తం శక్తి కూడా మారడం లేదు, చూశాను.

వేగుచుక్క | ఆదివారం ఉదయం 6:40

గోదారి గారూ, తప్పు కోడ్‌లో లేదు, మొదట పెట్టిన అంకెల్లో ఉంది. రెండు చోట్ల.

మొదటిది, ప్లూటోని కదలకుండా పెట్టారు. చారన్ బరువు ప్లూటోలో దాదాపు ఎనిమిదో వంతు. మన భూమికి చంద్రుడు ఎనభై ఒకటో వంతు మాత్రమే. అంత బరువైన తోడు ఉన్నప్పుడు ప్లూటో కుదురుగా నిలబడదు. ఇద్దరూ తిరిగే ద్రవ్యరాశి కేంద్రం ప్లూటో నడిమధ్య నుంచి సుమారు 2,130 కి.మీ. దూరంలో ఉంటుంది. ప్లూటో వ్యాసార్ధం 1,188 కి.మీ. మాత్రమే కాబట్టి ఆ కేంద్రం ప్లూటో ఒంట్లో లేదు, నేలకి 940 కి.మీ. పైన శూన్యంలో ఉంది. ఆ బిందువు చుట్టూ ప్లూటో కూడా సెకనుకు 24 మీటర్లతో తిరుగుతుంది. మీరు దాన్ని ఆపేసి చారన్‌కి మాత్రమే వేగం ఇచ్చారు కాబట్టి జంట మొత్తం సెకనుకు 24 మీటర్లతో పక్కకి నడుస్తోంది.

రెండోది, స్టిక్స్ వేగానికి ప్లూటో బరువొక్కటే తీసుకున్నారు. అంత దూరాన ఉన్నదాన్ని ఇద్దరూ కలిసి లాగుతారు. ఇద్దరి బరువూ కలిపితే కావలసింది సెకనుకు 151 మీటర్లు.

ఈ రెండూ కలిస్తే ఏమైందో చూడండి. కేంద్రం నుంచి కొలిస్తే మీ స్టిక్స్ 42,650 దగ్గర లేదు, 40,520 దగ్గర ఉంది. కేంద్రంతో పోలిస్తే దాని వేగం 143 కాదు, 119. అంత తక్కువ వేగంతో వదిలితే గుండ్రంగా తిరగదు, కోలగా లోపలికి దిగుతుంది. దిగుడు బిందువు లెక్కవేస్తే సుమారు 16,700 కి.మీ. చారన్ తిరిగేది 17,470 దగ్గర. అంటే చారన్ దారిని దాటుకుని లోపలికి రమ్మని మీరే పంపారు. అందుకే విసిరేసింది.

కేంద్రాన్ని సున్నా చేసి, ప్లూటోకి ఎదురు దిశలో 24, చారన్‌కి 199, స్టిక్స్‌కి 151 ఇచ్చి చూడండి.

గోదారి_బెల్లందూరు | ఆదివారం ఉదయం 9:05

కుదిరింది! చాలా సంతోషంగా ఉందండీ. తెరమీద ప్లూటో చిన్న సున్నా చుడుతుంటే పాప కేక వేసింది. ప్లూటో వేగం గంటకి 87 కి.మీ. అని లెక్కకట్టాం, హైవే మీద మన బస్సంత. చారన్‌ది 716. స్టిక్స్ వేగం 544, విమానం కంటే తక్కువ. అంతరిక్షం అనగానే ఊహకందని వేగాలు అనుకునేవాణ్ణి. అక్కడ గురుత్వం అంత పల్చన అన్నమాట.

పిల్లలకోడి | ఆదివారం ఉదయం 10:30

నేను జయనగర్‌లో పిల్లలకి సైన్సు చెబుతాను. ఈ కేంద్రం సంగతి మాటల్లో చెబితే వాళ్లకి ఎక్కదు. ఇద్దరు ఆడపిల్లలని, ఒక పెద్దదాన్నీ ఒక చిన్నదాన్నీ, నిలబెట్టి ఒప్పులకుప్ప తిప్పిస్తాను. చేతులు పట్టుకుని వెనక్కి వాలి తిరుగుతుంటే కదలని చోటు ఎక్కడుందో చూడమంటాను. పెద్దపిల్ల పాదాల కింద ఉండదు, ఆమెకి కాస్త ముందు, ఇద్దరి మధ్య గాలిలో ఉంటుంది. పెద్దపిల్ల కూడా చిన్న వలయంలో అడుగులు వేస్తూనే ఉంటుంది. ప్లూటో, చారన్ ఎప్పుడూ ఒకరి ముఖం ఒకరికి చూపిస్తూ తిరుగుతాయి కాబట్టి ఈ ఆట వాటికి అచ్చంగా సరిపోతుంది. 6.387 రోజులకి ఒక చుట్టు, ఇద్దరి రోజూ అంతే, ఇద్దరి చుట్టూ అంతే.

ఇప్పుడు నా ప్రశ్న. ఒప్పులకుప్ప తిరుగుతున్న వాళ్ల చుట్టూ మూడో పిల్ల పరిగెత్తాలంటే ఎంత దూరంలో ఉండాలి? దగ్గరికొస్తే చెయ్యి తగులుతుంది. ఆ "తగలని దూరం" ఎంతో లెక్క ఉందా?

లెక్కల_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 12:10

ఉందమ్మా. 1999లో హోల్మన్, వీగర్ట్ అనే ఇద్దరు జంట నక్షత్రాల చుట్టూ గ్రహాలు ఎక్కడ నిలుస్తాయో కంప్యూటర్‌తో వెతికి ఒక సూత్రం కట్టారు. నక్షత్రాలకైనా మరుగుజ్జు గ్రహాలకైనా గురుత్వం ఒకటే కాబట్టి ఇక్కడా పనికొస్తుంది.

చిన్నదాని బరువుని ఇద్దరి మొత్తం బరువుతో భాగిస్తే వచ్చేది "మ" అనుకుందాం. మనకి మ = 0.1087. జంట కక్ష్య గుండ్రంగా ఉంటే (అంటే అది ఎంత కోలగా ఉందో చెప్పే ఉత్కేంద్రత సున్నా అయితే), నిలకడకి కావలసిన కనీస దూరం, జంట మధ్య దూరానికి ఇన్ని రెట్లు:

1.60 + 4.12 × మ − 5.09 × మ²

కాగితం మీద వేశాను: 1.60 + 0.448 − 0.060 = 1.988. దాన్ని 19,596తో గుణిస్తే సుమారు 38,950 కి.మీ.

ఇప్పుడు వరస చూడండి. స్టిక్స్ 42,650, నిక్స్ 48,690, కెర్బెరోస్ 57,780, హైడ్రా 64,740. నాలుగూ గీతకి అవతలే ఉన్నాయి. స్టిక్స్ మాత్రం గీతని ఆనుకుని, దాదాపు 3,700 కి.మీ. ఎడంతో నిలబడింది. నలభై ఏళ్లు ఇంటర్ పిల్లలకి శాంకవాలు చెప్పాను, ఉత్కేంద్రత అనే మాట వేలసార్లు బోర్డు మీద రాసుంటాను. అది ఒక చందమామ బతుకు తేల్చే అంకె అని ఈ వయసులో చూడటం నాకు గొప్పగా ఉంది.

రాయలసీమ_రాత్రి | ఆదివారం మధ్యాహ్నం 1:25

మాస్టారూ, లోపల పక్క కూడా ఇట్లాంటి గీత ఉంటాది కదా? ప్లూటోకి బాగా దగ్గరగా తిరిగేదాన్ని చారన్ ఏమీ చేయలేదు.

లెక్కల_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 2:00

ఉంటుంది బాబూ, వాళ్లే దానికీ సూత్రం ఇచ్చారు. గుండ్రటి కక్ష్యకి 0.464 − 0.380 × (ఇబ్బంది పెట్టేదాని వాటా). ప్లూటో చుట్టూ అయితే నడిమధ్య నుంచి సుమారు 8,280 కి.మీ. వరకు భద్రం. చారన్ చుట్టూ అయితే ఇబ్బంది పెట్టేది ప్లూటో, కాబట్టి 2,450 కి.మీ. వరకే. ఈ లోపలి చోట్లకీ, ఆ 38,950 గీతకీ మధ్య ఏది పడినా నిలవదు.

రాయలసీమ_రాత్రి | ఆదివారం మధ్యాహ్నం 2:20

అయితే ఇది వినండి. 2015 జూలై 14న నాసా నౌక న్యూ హొరైజన్స్ ప్లూటో నేలకి 12,500 కి.మీ. ఎత్తులో పోయింది. నడిమధ్య నుంచి లెక్కేస్తే దగ్గర దగ్గర 13,700. అంటే 8,280కీ చారన్ దారికీ నడుమ, ఏదీ నిలవని చోట! అంతకు ముందు నాలుగేండ్లలో కెర్బెరోస్ (2011), స్టిక్స్ (2012) బయటపడేసరికి, కనపడని రాళ్లు ఇంకెన్ని ఉండాయో అని వాళ్లకి భయం పట్టుకుంది. సెకనుకు 14 కి.మీ. వేగంతో పోయే నౌకకి బియ్యపుగింజంత రాయి తగిలినా అంతే. చారన్ ఊడ్చిపెట్టిన చోటు కాబట్టి ఆ దారి మేలనుకున్నారు. దాటిపోయినాక చూస్తే కొత్త చందమామ ఒక్కటీ దొరకలేదు.

ఈ ముక్క మాకు అనంతపురంలో మిద్దె మీద పడుకుని ఆకాశం చూసే రోజుల్లో ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండు.

వేగుచుక్క | ఆదివారం సాయంత్రం 5:45

మాస్టారి లెక్క సరిగ్గా ఉంది. కానీ ఆ గీతని గోడలా తీసుకోవద్దని నా మనవి. ఇక్కడ మాస్టారితో కొంచెం విభేదిస్తాను.

ఆ సూత్రం కట్టిన సిమ్యులేషన్లు జంట 10,000 చుట్లు తిరిగే వరకే నడిపినవి. ప్లూటో–చారన్‌కి 10,000 చుట్లంటే 175 ఏళ్లు. ప్లూటో సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికే 248 ఏళ్లు పడుతుంది. అంటే ఆ సూత్రం "నిలకడ" అన్నది ప్లూటో సంవత్సరం కూడా నిండని కాలానికి. నిక్స్, హైడ్రా నేల మీది గుంటలు లెక్కపెడితే వాటి వయసు కనీసం 400 కోట్ల ఏళ్లని తేలింది. ఇప్పటి వేగంతో చూస్తే ఆ కాలంలో చారన్ సుమారు 23 వేల కోట్ల చుట్లు తిరిగి ఉంటుంది. పదివేల చుట్లలో బయటపడని చిన్న ఒణుకు ఇన్ని చుట్లలో బయటపడవచ్చు.

ఇంకోటి, గీత లోపల కూడా అక్కడక్కడా నిలిచే చోట్లుంటాయి, బయట కూడా నిలవని చోట్లుంటాయి. అనునాదాల వల్ల. చారన్ మూడు చుట్లు తిరిగేలోగా చందమామ సరిగ్గా ఒక చుట్టు తిరిగితే, ప్రతిసారీ ఒకే చోట తోపు పడుతుంది. ఒకే చోట పడే తోపులు కూడుకుంటాయి. వేర్వేరు చోట్ల పడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లోపలికి వచ్చేకొద్దీ ఈ అనునాదాలు వెడల్పై, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అలా ఎక్కిన చోట చందమామ ఏ తాళానికీ కట్టుబడకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుతూ చివరికి పోతుంది. 38,950 అనేది ఆ గందరగోళం అంచు. అంచు సన్నటి గీత కాదు, చిరిగిన గుడ్డ అంచులా ఉంటుంది.

ఇప్పుడు అసలు అందం. చారన్ చుట్టుతో పోలిస్తే స్టిక్స్ 3.16, నిక్స్ 3.89, కెర్బెరోస్ 5.04, హైడ్రా 5.98. అంటే 3, 4, 5, 6కి దగ్గర దగ్గరగా ఉన్నాయి, కానీ ఒక్కటీ సరిగ్గా లేదు. స్టిక్స్ చుట్టు 20.16 రోజులు. సరిగ్గా మూడింతలైతే 19.16 అయ్యేది, ఒక రోజు ఎక్కువ. హైడ్రా ఆరింతలకి మూడు గంటలు తక్కువ. పక్కన నిలబడ్డాయి, లోపల ఇరుక్కోలేదు.

లెక్కల_మాస్టారు | ఆదివారం రాత్రి 7:30

తల్లీ, నువ్వు చెప్పింది నిజం. 10,000 చుట్ల సంగతి నేను చెప్పి ఉండాల్సింది. సూత్రం ఎంత కాలానికో చెప్పకుండా దూరం ఒక్కటే చెప్పడం సగం జవాబే.

దాని మీదే ఇంకో లెక్క వేశాను. చారన్ కక్ష్య ఇప్పుడు దాదాపు అచ్చం గుండ్రం. అది కోలగా ఉండి ఉంటే? పూర్తి సూత్రంలో ఉత్కేంద్రత పదాలు పెట్టి చూస్తే, ఉత్కేంద్రత 0.05కి గీత సుమారు 43,400కి జరిగింది. స్టిక్స్ లోపల పడిపోయింది! 0.1కి 47,600. అప్పుడు నిక్స్‌కి కూడా మిగిలేది వెయ్యి కిలోమీటర్లే. కాగితం మీద గీస్తే 0.05 ఉత్కేంద్రత ఉన్న దీర్ఘవృత్తాన్ని కంటితో చూసి వృత్తం కాదని ఎవరూ చెప్పలేరు. అంత చిన్న వంపు ఒక చందమామని పోగొట్టగలదు.

పిల్లలకోడి | ఆదివారం రాత్రి 8:15

మాస్టారూ, మరి చారన్ ఎప్పుడూ గుండ్రంగానే తిరిగిందా? పెద్ద ఢీ జరిగి చారన్ పుట్టిందని, మొదట ప్లూటోకి దగ్గరగా ఉండి, ఆటుపోట్ల బలంతో నెమ్మదిగా దూరం జరిగిందని చెబుతారు కదా. జరిగే దారిలో కక్ష్య కోలగా అయితే ఈ చిన్నవాటి గతి?

వేగుచుక్క | ఆదివారం రాత్రి 9:00

మీరు సరిగ్గా ముల్లు మీద చెయ్యి పెట్టారు. ఈ విషయంలో ఇప్పటికీ తెగని చిక్కు అదే. చారన్ బయటికి జరుగుతుంటే దాని అనునాదాలన్నీ కూడా బయటికి ఊడుస్తూ వస్తాయి, చీపురులా. 2006లో వార్డ్, కానప్ అనే శాస్త్రవేత్తలు ఒక దారి చెప్పారు: చిన్నవి అనునాదాల్లో చిక్కుకుని చారన్‌తో పాటే బయటికి మోసుకురాబడ్డాయని. రెండేళ్లకే లిత్విక్, వూ అది కుదరదని చూపించారు. ఒక చందమామని మోయడానికి చారన్ ఉత్కేంద్రత ఒక విలువలో ఉండాలి, ఇంకోదాన్ని మోయడానికి ఇంకో విలువ కావాలి, రెండూ ఒకేసారి కుదరవు. చారన్ స్థిరపడ్డాక మిగిలిన చెత్త నుంచి ఇవి పుట్టాయంటే ఊడ్పు బాధ తప్పుతుంది. కానీ అంత దూరంలో అంత చెత్త ఎలా మిగిలిందో చెప్పాలి. నాకు ఈ రెండో దారి మీదే మొగ్గు.

గోదారి_బెల్లందూరు | సోమవారం రాత్రి 9:40

ఆఫీసు నుంచి వచ్చేసరికి పాప కాగితాలు పరిచి కూర్చుంది. రెండు సంగతులు పట్టింది.

ఒకటి, హైడ్రా దూరం, ఇద్దరి బరువూ కెప్లర్ సూత్రంలో పెడితే 38.35 రోజులు వచ్చింది. నిజంగా కొలిచింది 38.20. మూడున్నర గంటల తేడా. "నేను తప్పు చేశానా?" అని అడిగింది. రెండుసార్లు సరిచూశాను, తప్పు లేదు.

రెండోది, మూడు చందమామలు కలిసి ఒక నియమం పాటిస్తాయని ఎక్కడో చదివి తనే సరిచూసింది. రోజుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతాయో తీసింది: స్టిక్స్ 17.856, నిక్స్ 14.484, హైడ్రా 9.424. స్టిక్స్‌ది మూడు రెట్లు, హైడ్రాది రెండు రెట్లు కలిపితే 72.42. నిక్స్‌ది ఐదు రెట్లు కూడా 72.42! క్యాలిక్యులేటర్ నాకు చూపిస్తున్నప్పుడు దాని చెయ్యి వణికింది. నా కళ్లు చెమర్చాయి.

వేగుచుక్క | సోమవారం రాత్రి 10:30

పాపకి నా అభినందనలు చెప్పండి. రెండూ సరైనవే.

కెప్లర్ సూత్రం బరువంతా ఒక్క బిందువులో ఉందనుకుంటుంది. ఇక్కడ బరువు రెండు ముక్కలై గిరగిరా తిరుగుతోంది. బయట నెమ్మదిగా తిరిగే హైడ్రాకి అది పరచిన చక్రంలా అనిపిస్తుంది. అదే తలంలో ఉన్నవాటిని చక్రం, బిందువు కంటే కాస్త ఎక్కువ లాగుతుంది. అందుకే హైడ్రా కాస్త తొందరగా తిరుగుతుంది. ఆ మూడున్నర గంటలు తప్పు కాదు, లోపల ఉన్నది ఒకటి కాదు, రెండు అని హైడ్రా చెబుతున్న సాక్ష్యం.

రెండోది 2015లో షోవాల్టర్, హామిల్టన్ హబుల్ ఫొటోల నుంచి పట్టింది. గురుగ్రహం చుట్టూ అయో, యూరోపా, గానిమీడ్‌లకి ఇలాంటి కట్టుబాటే ఉంది. ఇక్కడ ఫలితం ఏమిటంటే, సుమారు 213 రోజుల్లో స్టిక్స్–హైడ్రా 5 సార్లు, నిక్స్–హైడ్రా 3 సార్లు, స్టిక్స్–నిక్స్ 2 సార్లు ఒకే వరసలోకి వస్తాయి. మూడూ ఒకేసారి ఒకే పక్కన గుమిగూడవు. అంచు మీదున్న స్టిక్స్‌కి ఇది గొడుగులాంటిది.

అదే పనిలో వాళ్లు కెర్బెరోస్ చుట్టుపక్కలవాటిని లాగే తీరు చూసి, అది బొగ్గులా నల్లగా, బరువుగా ఉండొచ్చని భావించారు. న్యూ హొరైజన్స్ దగ్గరికెళ్లి చూస్తే చిన్నది, తెల్లటి మంచుది. ఈ చిన్నవాటి బరువులు తూచడం అంత కష్టం. అవి తేలికగా ఉండటమే వాటి అదృష్టం కూడా. నిక్స్, హైడ్రా ఇంకా బరువైనవై ఉంటే ఒకదాన్నొకటి కదిపి ఈపాటికి స్టిక్స్‌ని తోసేసేవి.

గొల్లకావడి | సోమవారం రాత్రి 11:10

ఆలస్యంగా వచ్చాను. సూర్యుణ్ణి కోడ్‌లో పెట్టాలా అని ఎవరైనా అడుగుతారేమో, ముందే చెబుతున్నా. ప్లూటో సూర్యుడికి బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా దాని గురుత్వ పరిధి సుమారు 60 లక్షల కి.మీ. హైడ్రా అందులో నూటికి ఒక వంతు దూరంలో ఉంది. బయటి నుంచి ముప్పు లేదు, ముప్పంతా లోపలి నుంచే.

కావలూరు మాట కూడా ఒకటి. తమిళనాడు జవ్వాది కొండల్లో ఉన్న ఆ అబ్జర్వేటరీ నుంచి 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు పరిశీలించారు. యురేనస్ వలయాలు బయటపడింది ఆ రోజే. అంత సన్నటివి ఎలా నిలిచాయన్నదీ మీ ప్రశ్న లాంటిదే. పాపని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి, వాతావరణం బాగున్న రోజు చూసుకుని. మన బెంగళూరు మబ్బుల్ని నమ్మలేం.

గోదారి_బెల్లందూరు | మంగళవారం ఉదయం 7:15

అందరికీ ధన్యవాదాలు. తప్పకుండా తీసుకెళ్తాను. రాత్రి చారన్‌కి 0.05 ఉత్కేంద్రత ఇచ్చి నడపమని పాప పట్టుబట్టింది. మాస్టారి గీత నిజమో కాదో చూడాలట. వేగుచుక్క గారి మాట విని 175 ఏళ్ల దగ్గర ఆపలేదు, లక్ష ఏళ్లకి పెట్టాను. ల్యాప్‌టాప్ ఇంకా నడుస్తోంది. స్టిక్స్ దూరం గీత ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతోంది, ఇంకా పోలేదు. బడి బస్సు వచ్చింది, ఆఫ్ చెయ్యొద్దని చెప్పి వెళ్లింది.